మగ్గాల గది మిగిలింది

చి. అమ్మడికి, నేను కులాసా.

మా కాలేజీ వస్త్ర విభాగం ఐదేళ్ళ ప్రణాళిక సమావేశాలకు ఇవాళ ఆఖరి రోజు. మీ అమ్మ పాఠం చెప్పిన మగ్గాల గదిని కంప్యూటర్లకు ఇచ్చేద్దామని మా హెడ్ పట్టుబట్టింది. "అలాగే మేడం, కంప్యూటర్లో గీసిన చీర రేపు కట్టుకు రండి, గది ఇచ్చేస్తాం" అంది అద్దకాల టీచరు. అందరికన్నా ఎక్కువ నవ్వింది హెడ్డే. నవ్వు ఆగాక మగ్గాల గదిని ప్రణాళికలో తనే మళ్ళీ చేర్చింది. మీ అమ్మ ఉంటే పూరీలా పొంగిపోయేది.

అమ్మ సగంలో వదిలిన నేతను ఏడాదిగా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. పాపకు గౌనుకి సరిపోతుంది, కొలతలు రాయి. అల్లుడి నడుంనొప్పి తగ్గిందా? ముగ్గురికీ దీవెనలు.

రేపు పొద్దున్నే ఆ గుడ్డను మగ్గం నుంచి కత్తిరించి తీసి, మగ్గం మీద మిగిలిన అమ్మ నిలువు పడుగు పోగులకే కొత్తగా చేరిన పిల్లల పోగులు ముడివేయిస్తాను.

నాన్న