మస్కట్‌కు చెప్పాల్సిన రిపోర్టు

ఫిబ్రవరి 3, సోమవారం

రైసుమిల్లులో మెట్లెక్కుతుంటే ఛాతీ బిగపట్టినట్టయింది. కూర్చుంటే తగ్గింది. మిర్యాలగూడ డాక్టరు ఈసీజీలో ఏమీ లేదన్నాడు. అయినా సూర్యాపేట వెళ్లి టీఎంటీ చేయించుకొమ్మన్నాడు. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ గుండె ఎట్లా కొట్టుకుంటుందో చూస్తారట.

జ్యోత్స్నకు చెప్పాలా, వద్దా? నా భార్య మస్కట్‌లో నర్సు. కళ్లారా చూసి మూడేళ్లయింది. రోజూ ఫోనులో అంతా మంచిగనే ఉందంటాను. ఆమె కూడా అదే అంటుంది.

ఫిబ్రవరి 4

చెప్పేశాను. ముందు భయపడింది. తర్వాత నర్సయిపోయింది. పరీక్షకు మూడు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దట. ఆ రోజు టీ, కాఫీ బంద్. చెప్పులు కాదు, బూట్లు వేసుకోవాలి. నొప్పొచ్చినా, కళ్లు తిరిగినా ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి.

చివర్లో, "తేడా ఏమన్నా ఉంటే లీవు పెట్టి వచ్చేస్తానండీ" అంది. పుట్టింటి కోదాడ మాట. ఎంత మెత్తగా ఉంటుందో.

ఫిబ్రవరి 5

తేడా ఉంటే బాగుండు.

ఫిబ్రవరి 7, సాయంత్రం

సూర్యాపేట ఆసుపత్రిలో టెక్నీషియన్ పేరు సంతోషి. ఛాతీ మీద అక్కడక్కడ వెంట్రుకలు గీసి, "జర సల్లగుంటది అన్నా" అంటూ తుడిచి, బిళ్లలు అంటించింది. వాటికి వైర్లు. చేతికి బీపీ పట్టీ. జ్యోత్స్న కూడా అక్కడ ఎవరెవరికో ఇట్లాగే అంటిస్తుంటుంది. ఆ వేళ్లు నన్ను తాకి ఎన్నాళ్లయింది!

మొదట్లో మామూలు నడకే. మూడు నిమిషాలకోసారి వేగం పెరిగింది, బెల్టు కూడా పైకి లేచింది. గుట్ట ఎక్కుతున్నట్టే ఉంది. నొప్పేమన్నా ఉందా అని సంతోషి అడుగుతూనే ఉంది. ఉందందామా? నోటిదాకా వచ్చింది. అక్కడి డాక్టరేమో నా ముఖం చూడటం లేదు, స్క్రీను మీది గీతలే చూస్తున్నాడు. పిక్కలు లాగాయి, రొప్పాను, చొక్కా లేని ఒళ్లంతా చెమట. నొప్పి మాత్రం రాలేదు.

చాలన్నాడు. పడుకోబెట్టి, గుండె నెమ్మదించేదాకా చూశారు.

"నార్మల్, ఏసుబాబు గారూ" అన్నాడు. మిల్లు దుమ్ముకు ఊపిరితిత్తులు ఇబ్బంది పడుతున్నాయేమో, అది కూడా చూపించుకొమ్మన్నాడు. మిఠాయి తినిపియ్యాలె అంది సంతోషి.

బస్టాండులో మిర్యాలగూడ బస్సులు వచ్చి పోతుంటే చూస్తూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 8

చెప్పాను. "దేవునికి స్తోత్రం" అంది. ఆ వెంటనే ఏడుపు. సూట్‌కేసు అప్పుడే సర్దేసుకుందట. "ఇప్పుడు మా సూపర్‌వైజరుకి ఏమని చెప్పనండీ?" అంది.

ఇన్నేళ్లూ గొంతులోనే ఉండిపోయిన మాట బయటికొచ్చింది. "నాకేం కాలే, జ్యోత్స్నా. అయినా రా. నువ్వు లేక ఉండలేకపోతున్న."

ఆ ఒక్క మాట అనడానికి మూడేళ్లు పట్టిందా అని తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే ఉంది. వింటూనే ఉన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

పక్క గదిలో నిద్రపోతోంది. ఇంత దగ్గరున్న మనిషి గురించి ఏం రాయాలో తెలియడం లేదు.