వల లాగిన కాళ్లు

అక్కా, నేను కులాసాయే, ఒళ్లు మాత్రం హూనమైంది. అక్రాలో బాక్సింగుకు చేరి మూడు నెలలైనా కోచ్ తవియా గారు ఇంకా గ్లోవ్స్ ఇవ్వలేదు. నిన్న సంచిని గుద్దబోతే నడుం పట్టి ఆపేశారు.

"వెనక్కి వాలతావేంట్రా? ఇక్కడేమన్నా వల లాగుతున్నావా? మడమ లేపి ముందుకు అడుగెయ్!"

బుద్ధెరిగినప్పటి నుంచి వెనక్కి వాలి వల తాడు లాగిన కాళ్లు మాట వినడం లేదు.

షిటో పచ్చడి అయిపోయింది, ఓ సీసా పంపు. అమ్మ మోకాలు ఎలా ఉంది?

చేపల కాలానికి రమ్మని నాన్న కబురు పెట్టాడు. మళ్లీ వల లాగితే నేర్చుకున్న అడుగు పోతుందంటున్నారు కోచ్ గారు. రానని నువ్వే చెప్పు. మన ఆచారం ప్రకారం మంగళవారం సముద్రం మీదికి వెళ్లకూడదు కాబట్టి ఇంట్లోనే ఉంటాడు. కెంకే ముద్ద తిన్నాక చెప్పు.

అమ్మకు దండాలు. వల తాడు దగ్గర నా చోటు నాన్న ఎవరికిచ్చాడో మాత్రం రాయి.

నీ తమ్ముడు,
సోవా