అర పాయింటు బేరం

మే 6, మధ్యాహ్నం 3:10
ఏమోయ్ డైరీ, కోపమా? తొమ్మిది రోజులు నీ మొహం చూడలేదు, తప్పే. షాపులో జిప్పుల లోడ్ దిగింది, పైగా చెస్ క్లబ్ సెలక్షన్లు. ఆదివారం ఆఖరి ఆట డెంటిస్టు గారితో, నావి నల్లపావులు. డ్రా చేసి అర పాయింటు తెచ్చుకున్నా చాలు, టీమ్‌లో నాలుగో చోటు, అదే నాలుగో బోర్డు, నాది. పోయినేడు ఈ అర పాయింటు దగ్గరే పోయింది. ఈసారి వదలను.

మే 7
పక్క సెలూన్ బాబాయే మా కెప్టెన్. నల్లపావులతో ఆట మొదలెట్టడానికి కారో-కాన్ అనే డిఫెన్స్ ఒక్కటి నేర్చుకో అమ్మడూ, చాలు అన్నాడు. చూడ్డానికి అందంగా ఉండదట, కానీ ఓ పట్టాన కూలదట. వాళ్ళు రాజు ముందు బంటు రెండు గళ్ళు తోస్తే నేను బంటుని సి6 గడికి, తర్వాత ఇంకోదాన్ని డి5కి.

మే 8
గుండీల డబ్బాల మూతల మీద ఎత్తులు రాసుకున్నాను. ఒకావిడ కోటు గుండీలడిగితే బిషప్ ఎఫ్5 అన్నాను. ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది పాపం.
నేను టీమ్‌లోకెళ్తే వారానికి రెండు సాయంత్రాలు షాపు మా ఆయనే చూసుకోవాలి. అందుకని డెంటిస్టు గారే గెలవాలట!

మే 9
పదకొండు ఎత్తులు కంఠతా వచ్చాయి. పన్నెండోది దేవుడికెరుక.

మే 10, ఆదివారం, సాయంత్రం 6:00
ఇప్పుడే ఇంటికొచ్చాను.
డెంటిస్టు గారు రాజు ముందు బంటే తోశారు. నేను సి6. ఓహో కారో-కానా, నోరు గట్టిగా మూసుకొచ్చారే అన్నారు. పదకొండు ఎత్తులూ గడగడా ఆడేశాను. పద్దెనిమిదో ఎత్తుకి ఆయనే, డ్రా చేసుకుందామా అమ్మా అన్నారు. నాకు కావలసిందే అది. నా నోట ఏమొచ్చిందో తెలుసా? కుదరదండీ!
ఇరవై ఏళ్ళుగా మొదట చెప్పిన రేటుకి ఒప్పుకోని నోరు. దానంతటదే అనేసింది. మూలన సెలూన్ బాబాయ్ నెత్తి కొట్టుకున్నాడు.
కంగారులో బంటు పోగొట్టుకున్నాను. సిగ్గు చంపుకుని నేనే డ్రా అడిగాను. ఆయన నవ్వి, అది ఇందాకటి రేటమ్మా అన్నారు.
కుర్చీ ముందుకి లాక్కున్నాను. పోగొట్టిందీ నేనే, తెచ్చుకోవాల్సిందీ నేనే. రూక్ కూడా పోయింది. అయినా లేవలేదు. ఎట్టకేలకు ఆయన రాజు పక్కన సందు దొరికింది. క్వీన్‌తో చెక్. రాజు జరిగాడు. చెక్. పాత గడికే వచ్చాడు. చెక్. పావులన్నీ అవే గళ్ళలో మూడోసారి నిలబడేసరికి బాబాయ్‌ని కేకేశాను, అలా వస్తే డ్రా అని రూలు. చూసి, డ్రా అన్నాడు.
నాలుగో బోర్డు నాది.

మే 11
పద్దెనిమిదో ఎత్తు దగ్గర ఆటను మళ్ళీ పేర్చి చూశాను. ఆయన డ్రా ఎందుకడిగారో ఇప్పుడర్థమైంది. అక్కడ గెలుపు నాదే.
మెసేజ్ పెట్టాను: డెంటిస్టు గారూ, మళ్ళీ ఎప్పుడు కలుద్దాం?