కిడ్నీకి ఆదివారం సెలవు

చెల్లీ,

మొన్న ఆదివారం పొద్దున ప్రార్థన ముగించుకుని మీ అన్నయ్య ఇంటికి వెళ్లాను. వాడి కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. వాడు కిటికీ దగ్గర తీరిగ్గా పేపరు చదువుతున్నాడు. పొద్దెక్కినా మాత్రల డబ్బాలో ఆదివారం గడి నిండుగానే ఉంది. నీళ్ల సీసా కూడా అంతే.

“మాత్రలు వేసుకోలేదేంరా?” అన్నాను.

“ఆదివారాలు వేసుకోనక్కా. నీళ్లూ తగ్గిస్తాను. నువ్విచ్చిన కిడ్నీ కదా, వారమంతా నాకోసం చాకిరీ చేస్తోంది. ఒక్కరోజైనా సెలవు ఇవ్వొద్దూ?”

“నాకెప్పుడైనా ఇచ్చారా ఆ సెలవు?” అంది మీ వదిన వంటింట్లోంచి.

నేను కోప్పడలేదు. మర్నాడే ఆస్పత్రికి తీసుకెళ్లాను. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందట, అంటే కిడ్నీ పనితనం తగ్గినట్టేనట. మాత్రలు మానితే ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదనుకుని తిరగబడుతుందనీ, నీళ్లు తగ్గితే దానికి ఇంకా కష్టమనీ డాక్టరు చెప్పారు. కొంత దెబ్బతింది. ఇకనైనా ఒక్క పూటా తప్పకుండా మాత్రలు వేసుకుంటే మిగిలింది నిలుస్తుందన్నారు. దారంతా వాడు నా మొహం చూడలేదు.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. ఇకమీద ప్రతి ఆదివారం వాడు మా ఇంట్లో ఉండి, నా కళ్లెదుటే మాత్రలు వేసుకుంటాడు. సెలవు మీ వదినకు.

నీ పెద్దక్క