రుద్రసెట్టి సంగతి

తెనాలి,
ఆదివారం.

పూజ్యులైన అత్తయ్యగారికి భ్రమరాంబ నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనొక్కదాన్నే కనక, నేను బాగున్నాను. విశాఖపట్నంలో మీ మనవరాలు ఆమని కూడా బాగుంది, నిన్ననే ఫోన్ చేసింది. రేపల్లెలో మీరు కులాసాగా ఉన్నారని మీ ఉత్తరంలోని కోపం చూస్తేనే తెలిసింది. ఒంట్లో బాగాలేనివాళ్ళు అంత గట్టిగా రాయలేరు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమే ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్లో నేను చెప్పేది మీకు సగం వినపడదు, మిగతా సగం నీరజకి వినపడుతుంది. నీరజ మీ కూతురు, నా ఆడపడుచు, మంచిది. కానీ ఈ ఉత్తరం ఆవిడ చదివి మీకు వినిపించేది కాదు. తలుపు దగ్గరగా వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని మీరే చదవండి.

ముందు మీరడిగినవాటికి జవాబులు. మీరు పంపిన నూనె రోజూ మోకాలికి రాస్తున్నాను. నొప్పి అలాగే ఉంది, ఇల్లంతా మాత్రం ఆ వాసనే. స్కూల్లో నాకు మళ్ళీ పదో తరగతి లెక్కలే ఇచ్చారు. ఆమనికి పెళ్ళి సంబంధాలు చూడమని మీరన్నారు గదా, ఆ మాట దానితో అంటే, "ముందు నీ సంగతి తేల్చుకోమ్మా" అంది. అదెందుకు అలా అందో కింద రాస్తాను.

ఇక ఆఖరున, ఎర్ర సిరాతో గీత గీసి మరీ అడిగారు: "ఆ రుద్రసెట్టి మళ్ళీ వచ్చాడా?" అని. అత్తయ్యా, ఆయన పేరు కోదండపాణి. బాపట్ల కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరరు. ఆయన సెట్టీ కాదు, రుద్రుడూ కాదు. ఇది నీరజ నోట్లో పడి, ఆవిడ నమ్మే స్వామి నోట్లో పడి మీ దగ్గరికి ఏ ఆకారంలో వచ్చిందో గాని, నాకు మాత్రం ప్రాణం విసిగిపోయింది. మొదట్నుంచీ నేనే చెబుతాను, వినండి.

కిందటేడు చలికాలంలో మా స్కూలు పిల్లల్ని సూర్యలంక బీచికి తీసుకెళ్ళాం. సోషల్ టీచరు సెలవు పెట్టడంతో నన్ను తగిలించారు. దారిలో కర్లపాలెం దాటాక ఒక పాత శివాలయం దగ్గర బస్సు ఆపారు. అక్కడ ఒక పెద్దమనిషి పంచె ఎగ్గట్టుకుని, ఒక రాతిస్తంభానికి తడికాగితం అంటించి బ్రష్షుతో కొడుతున్నాడు. మా పిల్లలు ఊరుకుంటారా, "ఏంటండీ అంటిస్తున్నారు, సినిమా పోస్టరా?" అని చుట్టూ మూగారు. ఆయన విసుక్కోలేదు. "కాదమ్మా, ఈ రాతిమీద అక్షరాలున్నాయి. వాటికి అచ్చు తీస్తున్నాను" అని కాగితం మీద సిరా అద్ది, తెల్లగా తేలిన అక్షరాలు చూపించి చదివి వినిపించాడు. కాకతీయుల కాలం నాటి శాసనమట. సారమ నాయకుడనే ఆయన యుద్ధంలో పోతే, ఆయన పుణ్యం కోసం భార్య కొమ్మసాని ఆ గుళ్ళో దీపం పెట్టించి, నెయ్యి కోసం గొర్రెల్ని దానమిచ్చింది.

"తర్వాత ఆవిడేమైందండీ?" అని ఒక ఆడపిల్ల అడిగింది.

"అది ఎవరూ చెక్కించలేదమ్మా" అన్నాడాయన.

ఆ మాట నాకు గుచ్చుకుంది. మీ అబ్బాయి పోయాక నేను ఏమేం మానెయ్యాలో చెప్పడానికి వచ్చినవాళ్ళకి లెక్కలేదు. ఇప్పుడేం చేస్తావని అడిగింది మీరొక్కరే. అదీ వంటింట్లో, ఎవరూ లేనప్పుడు.

ఆ శాసనం ఫొటో పంపమని ఆయన నెంబరు తీసుకున్నాను. అలా మొదలైంది. ఆయన భార్య పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. వీలైన ఆదివారాల్లో నేను పులిహోర చేసుకుని బాపట్ల బస్సెక్కేదాన్ని. ఆయన పాత రాళ్ళు చూపించేవాడు, నేను ఎండలో గొడుగు పట్టుకుని విసుక్కునేదాన్ని. ఒకసారి అదే స్తంభం మీద అడుగున ఇంకో పంక్తి కనిపెట్టాడు. సగం చెక్కు లేచిపోయింది. "రుద్రస" అని ఉంది, ఆ పైన ఏమీ లేదు. కొమ్మసాని పేర ఎవరో భూమి ఇచ్చినట్టుంది.

"రుద్రసెట్టి అయ్యుండాలండి. వర్తకుడు" అన్నాడు.

"సైనికుడి భార్య పేర వర్తకుడు భూమి ఎందుకిస్తాడండీ?"

ఆయన పులిహోరలో మిరపకాయ ఏరుకుంటూ, "ఇష్టపడ్డాడేమోనండి పాపం, చెప్పుకోలేక పొలం రాసేశాడు" అన్నాడు.

నేను పకపకా నవ్వాను. పొరబోయి నీళ్ళు తాగేదాకా నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, పొన్నూరు దగ్గర అనుకుంటా, అంతలా నవ్వినందుకు ఏడ్చాను. పక్కన కూర్చున్న ముసలమ్మ కంగారుపడి నాకు బత్తాయి వలిచి పెట్టింది.

ఇక్కడే తెలివితక్కువ పని చేశాను. ఈ రుద్రసెట్టి కథ సరదాగా ఉంటుందని నీరజకి ఫోన్లో చెప్పాను. అవతల నవ్వు వినపడలేదు. "వదినా, ఆ సైనికుడు సారమ, మా అన్నయ్య సారథి. రెండూ సా!" అంది. సా అయితే ఏంటమ్మా, సాంబారు కూడా సాయే అన్నాను. వింటేనా! మర్నాడే రేపల్లెలో ఆవిడ నమ్మే స్వామి దగ్గరికి పరిగెత్తింది. ఆయన కళ్ళు మూసుకుని అంతా చూసేశాడు. కొమ్మసాని నేనేనట. ప్రతి జన్మలోనూ నా భర్త అర్ధాయుష్షుతో పోతాడట, రుద్రసెట్టి ప్రతి జన్మలోనూ ఎదురుచూస్తూ ఉంటాడట. ఆ సెట్టే ఇప్పుడు బాపట్లలో లెక్చరరుగా పుట్టాడట. దానికో హోమం.

ఆ తర్వాత నా బతుకు చూడాలి. పెళ్ళిళ్ళలో తప్ప కనపడని చుట్టాలు ఫోన్లు చేసి "రాణిగారూ" అనడం. రాణి కాదు మొర్రో, గొర్రెలు దానమిచ్చిన ఆవిడ అని ఎంతమందికి చెప్పను? అసలు ఆవిడకీ నాకూ ఏ సంబంధమూ లేదని ఎవరికి చెప్పను? నేను ఒక మనిషితో గుడిమెట్ల మీద కూర్చుంటే తప్పన్నవాళ్ళే, అదే మనిషి ఏడొందల ఏళ్ళ కిందట తెలిసినవాడంటే తప్పులేదంటున్నారు. ఇదేం లెక్కో ఇన్నేళ్ళు లెక్కలు చెప్పిన నాకు అర్థం కాలేదు.

వాళ్ళ సంగతి సరే. మీరు కూడా రాశారు చూడండి, "పూర్వజన్మ బంధమైతే కాదనడానికి మనమెవరం" అని. ఆ వాక్యం చదివి ఉత్తరం మంచం మీదకి విసిరికొట్టాను. మీ అబ్బాయి పోయిన పదోరోజున ఎవరో వచ్చి శనిప్రభావం అంటే, "నా కొడుకు గుండె ఆగి పోయాడు. దాన్ని శని ఆపలేదు. లేచి వెళ్ళు" అన్న మనిషి మీరు. ఆ మనిషేనా ఇది రాసింది అనుకున్నాను.

అసలు కోపం వచ్చింది మాత్రం సూర్యలంకలో. రెండు నెలల కిందట ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాం. ఇసకలో పడవలు లాగి పెట్టి ఉంటే, వాటి నీడలో కూర్చున్నాం.

"ఒకటి చెప్తాను, నవ్వకండి. మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడే ఎక్కడో చూసినట్టనిపించిందండి" అన్నాడు.

"ఎక్కడ?"

"ఈ జన్మలో కాదేమో."

నాకు ఒళ్ళు మండింది. "మీకు ఎవరు ఫోన్ చేశారండీ?"

"మీ ఆడపడుచు గారండి" అన్నాడు, తప్పుచేసిన పిల్లాడిలా.

చరిత్ర చదువుకున్న మనిషి! తేదీ లేనిదే ఏదీ నమ్మనివాడు! "మాస్టారూ, మీకు నచ్చింది నేనా, ఆ రాతిమీదావిడా?" అని అడిగాను.

"ఇద్దరూ ఒకటే అయితే..."

"ఒకటి కాదు. ఆవిడకి మోకాలినొప్పి ఉందో లేదో మీకు తెలీదు. నాకుంది. ఆవిడ ఎవరి మీదా అరవలేదు, రాయి కనక. నేను అరుస్తాను. మీకు ఆవిడే కావాలంటే ఆ స్తంభం పక్కన ఇల్లు కట్టుకోండి."

వలలు బాగుచేసుకునేవాళ్ళంతా మావైపే చూశారు. నేను లేచి, ఆటో ఎక్కి, బాపట్లలో బస్సు పట్టుకుని ఇంటికొచ్చేశాను. తర్వాత ఆయన ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మొన్న దసరా సెలవుల్లో మిట్టమధ్యాహ్నం ఆయన తెనాలి వచ్చాడు. చెమటలు కక్కుతూ వరండాలో కూర్చుని, చంకలో ఉన్న కాగితపు చుట్ట విప్పకుండానే చెప్పాడు.

"నేను తప్పు చదివానండి. సాయంత్రపు ఏటవాలు ఎండలో మళ్ళీ చూశాను. స తర్వాత చెక్కు లేచిన చోట ఉన్నది టకారం కాదు. ము ఉంది. రుద్రసముద్రము. దాని వెనక పొలం అని సాగుతుంది."

"అంటే?"

"చెరువండి. ఆ కాలంలో పెద్ద చెరువుని సముద్రమనేవారు. ఆ చెరువు కింద పొలం గుడికి ఇచ్చారు. రుద్రసెట్టి అనే మనిషే లేడు. నేనే పుట్టించాను."

అత్తయ్యా, నీరజ హోమం చేయించింది ఒక చెరువుకి. జన్మజన్మలుగా నాకోసం ఎదురుచూస్తున్నది చెరువు. నేను గుమ్మం పట్టుకుని నవ్వుతుంటే ఆయన నవ్వలేదు. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"చెప్పకుండా ఊరుకోవచ్చండి. ఆ పంక్తి ఇంకెవరూ చదవరు. కానీ ఆ రోజు మీరడిగినదానికి జవాబు చెప్పాలిగా. నాకు పోయిన జన్మ తాలూకు హక్కేదీ లేదు. ఉన్నది ఈ జన్మ, అదీ మూడొంతులు అయిపోయింది. బీపీ ఉంది. చారు బాగా పెడతాను, కూరలు అంతంతమాత్రం. నాకు కావలసింది గొడుగు పట్టుకుని నన్ను తిట్టే ఆవిడ. ఇప్పుడు అడుగుతున్నానండి."

ఆ రోజుకి కాఫీ ఇచ్చి పంపేశాను.

ఇప్పుడు మీకొక్కరికే చెప్పే మాట. ఆమనికి కూడా చెప్పలేదు. ఆయన మీద అరిచి వచ్చిన తర్వాత, ఫోన్ ఎత్తని ఆ రోజుల్లోనే, నేనొక్కదాన్నే కర్లపాలెం వెళ్ళాను. గుళ్ళో ఎవరూ లేరు. ఆ స్తంభం మీద చెయ్యి పెట్టి, ఇది నిజం కాకూడదా అని మనసారా కోరుకున్నాను. అందరినీ వెక్కిరించిన నేనే! కొమ్మసాని నేనే అయితే బాగుండునని వేడుకున్నాను. ఎందుకంటే, అదంతా ముందే రాసిపెట్టి ఉంటే ఇందులో నేను చేసిందేమీ ఉండదు. మీ అబ్బాయిని వదిలి నేను కదిలినట్టు కాదు, ఏదో శక్తి నన్ను కదిలించినట్టు. రాయి రాయిలాగే ఉంది. చెయ్యి చల్లబడింది, అంతే.

ఆయన చెరువని చెప్పిన క్షణంలో ఆ సాకు కూడా పోయింది. ఇక మిగిలింది ఒక్కటే. నాకు ఆ మనిషి కావాలి. జాతకం చెప్పలేదు, స్వామి చెప్పలేదు, నాకే కావాలి. గురువారం ఫోన్ చేసి సరేనన్నాను.

మీ అబ్బాయి మీద నా ప్రేమ తగ్గలేదు. పొద్దున లేవగానే ఇప్పటికీ మంచానికి ఓవైపే పడుకుని ఉంటాను. ఫొటో హాల్లోనే ఉంటుందని కోదండపాణి గారికి నేనే చెప్పాను. "ఉండాలిగా" అన్నాడు.

ఇదంతా రాస్తుంటే మీ వాక్యం మీద కోపం కూడా తగ్గింది. మీరు ఆ స్వామిని నమ్మలేదు, నాకు తెలుసు. నాకు సరే అనడానికి, చుట్టాలముందు పెట్టడానికి మీకో మాట కావలసొచ్చింది. దొరికింది పట్టుకున్నారు. గుళ్ళో నేను చేసిందీ అదే. కానీ అత్తయ్యా, ఎవరైనా అడిగితే ఇకనుంచీ పూర్వజన్మ అనకండి. మా కోడలు ఒకరిని ఇష్టపడింది అనండి. గొంతు తగ్గించకుండా అనండి.

వచ్చే నెల రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి. బాజాలు లేవు, కార్డులు లేవు. ఆమని వస్తోంది. సాక్షి సంతకం మీరు పెట్టాలి. మీ చేతిరాత ఆఫీసువాళ్ళ చేతిరాతకన్నా బాగుంటుంది. రేపల్లె ప్యాసింజరులో ఎక్కడమొక్కటే మీ పని, స్టేషనుకి నేనొస్తాను. నీరజని కూడా తీసుకురండి, చెరువు సంగతి తనకి నేనే ఎదురుగా చెబుతాను. మీరు రాకపోతే నేనేమీ అనుకోనని రాయబోయాను. అబద్ధం. అనుకుంటాను, చాలా అనుకుంటాను.

ఒకటే భయం. ఈ పెళ్ళయ్యాక నేను మీకు ఏమవుతానో నాకు తెలియదు. మన వరసల్లో దానికి పేరున్నట్టు లేదు. మీకేదైనా తోస్తే చెప్పండి. తోచకపోతే మాత్రం నేను పాతదే వాడుకుంటాను, మిమ్మల్ని అడగను కూడా.

ఇట్లు,
ఎవరేమనుకున్నా మీ కోడలు,
భ్రమరాంబ.