నాలుగో పేరు

మరోదా,
14 జూలై 2024

జోగమ్మ వదినకు,

ఒకే ఊళ్లో రెండు పేటల్లో ఉంటూ ఉత్తరమేమిటని అనుకుంటావు. ఎదుట నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు.

మన రేడియో స్టేషన్ మొన్న కూలగొట్టారు. మూతపడి పదిహేనేళ్లయినా, ఆ టవర్ నిలబడి ఉన్నన్నాళ్లూ నేను ఆ దారిన వెళ్లలేదు. ఈ హిందీ ఊళ్లో మన తెలుగువాళ్ల కోసం ఆదివారం పొద్దుట వచ్చే అరగంట కార్యక్రమం నీకు గుర్తుండే ఉంటుంది. ఫౌండ్రీలో పనిచేస్తూనే అది నేను చదివేవాణ్ణి. ఆ రోజు నాకు డ్యూటీ పడితే మీ ఆయన, జగ్గయ్య అన్న, తన సెలవు మానుకుని, నా హాజరు టోకెన్ మీద లోపలికి వెళ్లేవాడు. నీకు మాత్రం ఓవర్‌టైమని చెప్పేవాడనుకుంటాను. "నీ గొంతు ఊరంతా ఇనాలొరే, ఎల్లు" అనేవాడు.

తొంభై ఆరులో, అన్న నా బదులు వెళ్లిన ఆ ఆదివారం, ఫౌండ్రీలో కరిగిన ఇనుము ఒలికింది. టోకెన్ల ప్రకారం పోయినవాళ్ల పేర్లు రాసి, నన్నెరగని ఎవరో కొత్త గార్డు చేత స్టేషన్‌కి చీటీ పంపారు. పేర్లు చూసుకోకుండానే "నలుగురు మరణించారు" అని మైకులో మొదలుపెట్టాను. నాలుగో పేరు నాదే. అంటే పోయింది అన్న. నా పేరు చదివితే ఇంట్లో సూర్యావతి కూలిపోతుంది. అన్న పేరు చదివితే టోకెన్ సంగతి బయటపడి నా ఉద్యోగం పోతుంది. మూడు పేర్లు చదివి పాట వేసేశాను. వాటిలో అన్న పేరు లేదని నువ్వు నిశ్చింతగా కేరేజీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్లావట.

విచారణలో నా టోకెన్ ఎవరో దొంగిలించారన్నాను. అన్నని దొంగగా తేల్చారు. ఆ వార్త కూడా రేడియోలో నేనే చదివాను. మీ గిరీష్‌కి తండ్రి ఉద్యోగం రాలేదు. నేను మాత్రం దండ వేయించుకుని రిటైరయ్యాను. క్షమించమని అడగను. నీకు నిజం తెలియాలని రాస్తున్నాను.

నీ మరిది కాలేకపోయిన
సూర్యారావు


సుపేలా,
18 జూలై 2024

సూర్యారావు బాబాయ్‌కి,

సుప్రియ నమస్కారాలు. నా తెలుగు అంతంతమాత్రం, తప్పులుంటే సర్దుకోండి. మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను.

నాన్న అమ్మ దగ్గర ఏదీ దాచలేదు, టోకెన్ సంగతి కూడా. మీరు నలుగురని చెప్పి మూడు పేర్లే చదివినప్పుడే ఆ నాలుగో మనిషి నాన్నేనని అమ్మకు అర్థమైంది. నిశ్చింతగా కాదు, చేతిలో ఉన్న కేరేజీ దించడం కూడా తెలియక గేటు దాకా పరుగెత్తింది. తర్వాత నిలదీద్దామని మీ ఇంటికి వచ్చింది. సూర్యావతి పిన్ని ఒళ్లో మీ పాప మేఘన పాలు తాగుతోందట. గుమ్మంలోంచే తిరిగొచ్చేసింది. మీరే చెబుతారని ఆగింది. ప్రతి ఆదివారం రేడియో పెట్టుకుని కూర్చునేది. పాటల కోసమని మేం అనుకునేవాళ్లం. స్టేషన్ మూసేదాకా పదమూడేళ్లు మీ గొంతులో ఆ నాలుగో పేరు కోసం చూసింది.

మీ ఉత్తరం విని అమ్మ ఏడవలేదు. "నాకొక్కదానికి సెప్తే ఏటి లాభం? మీ నాన్న దొంగని ఊరంతా ఇన్నాది" అంది.

అందుకే మీ ఉత్తరం తిప్పి పంపుతున్నాను. వచ్చే ఆదివారం పదింటికి తెలుగు సంఘం హాల్లో మీటింగ్ ఉంది. అమ్మను తీసుకొస్తాను. అక్కడ మైకు ఉంటుంది.

జగ్గయ్య కూతురు
సుప్రియ