నాయిన తుపాకి

డిసెంబర్ 4

అన్న మీద నాకు కుళ్లట. చుట్టాల ముందర వాడి ఇజ్జత్ తీసిన్నట. అమ్మ పొద్దుమూకిందాక అదే మాట.

ఇయ్యాల నాయిన దినాలు. ఫోటో ముందు మటన్, కల్లు పెట్టినం. పక్కన ఆయన తుపాకి, కుంకుమ బొట్టుతోని. అడివిపందుల నుంచి పల్లి చేను కాపాడుకోనీకి తీసుకున్న లైసెన్స్ తుపాకి అది, ఆయన పేరు మీదనే. మనిషి పోయినంక స్టేషన్‌ల అప్పగించాలె. దినాలైనంక ఇద్దాం, ఆయన వస్తువు ఆయన ముందు లేకుంటె ఎట్ల అన్నది అమ్మ.

బంతిల అన్న నరేందర్ దాన్ని లేపి వదినకు గురిపెట్టిండు. శ్రీజా, కూరల ఉప్పెక్కువైంది, ఏం శిక్ష ఎయ్యాలె అన్నడు. అందరు నవ్విన్రు. వదిన గంటె పట్టుకొని అట్లనే నిలబడ్డది.

నేను తుపాకి గుంజుకొని, గొట్టం కిందికి వంచి లోపల చూసిన. నాయిన ఇంట్లకు రాంగనే చేసే మొదటి పని అది. నాకూ నేర్పిండు.

తూటా ఉన్నది.

ఆ రోజు ఆయన చేన్లనే కూలవడ్డడు. ఆయన్ని ఆటోల దవాఖానకు, తుపాకిని ఇంటి గోడకు. ఎవరం లోపల చూడలే.

ఏం కాలేదు కదనే అన్నడు మేనమామ. మళ్ల బొక్కలు చీకుడు షురూ.

డిసెంబర్ 5

తుపాకి స్టేషన్‌ల ఇచ్చొచ్చిన్రు. వారసుడిగా అన్న లైసెన్స్‌కు అప్లై చేసుకోవచ్చట. అమ్మది, నాది నో అబ్జెక్షన్ కావాలట. అమ్మ అప్పుడే సంతకం పెట్టింది, నేను పెట్టలే.

డిసెంబర్ 9

పందులు పడి సగం చేను తవ్వినయ్. అన్న ఆ పల్లి చెట్లు తెచ్చి నా గ్రూప్-2 బుక్స్ మీద కుప్ప పోసిండు. ఆర్మ్స్ యాక్ట్ నీ బుక్కుల ఉంటది, పందులు మా చేన్ల ఉంటయ్ అన్నడు. మట్టి ఇంకా తడిగనే ఉన్నది. నష్టం నిజమే, కాదంటలేను.

అప్లికేషన్ మొత్తం చదివిన. వయసు ఇరవై ఒకటి దాటిందా, కేసులున్నయా, భూమి ఉన్నదా. వాడికి అన్నీ సరిపోతయ్. నవ్వుకుంట ఎవరికి గురిపెడ్తవ్ అని ఏ కాలమ్‌ల అడగలే.

డిసెంబర్ 10

పల్లికాయ ఒలుచుకుంట వదిన, అది స్టేషన్‌లనే ఉంటదా అని అడిగింది. తల ఎత్తలే.

డిసెంబర్ 11, పొద్దున 7

నాగర్‌కర్నూల్ బస్సుల ఉన్న. తుపాకి అన్నకు ఇయ్యొద్దని కలెక్టర్ ఆఫీసుల రాసిస్త.